దండెం మీద లెక్క

"పంతొమ్మిది... ఇరవై... ఇరవై ఒకటి..."

డేగ మెట్ల మీద కూర్చుని దండెం వైపు చూస్తోంది. ఆదివారం సాయంత్రం నాలుగైంది. ఇంటి పక్క సందులో, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తెల్ల తువ్వాళ్లు వేలాడుతున్నాయి. ఇంకా నీళ్లు కారుతున్నాయి.

"ఇరవై రెండు."

నోటుబుక్కులో రాసి కింద గీత కొట్టింది.

ఆ పిల్లకి బడి రిజిస్టర్లో చక్కని పేరే ఉంది. ఇంట్లో మాత్రం అందరికీ డేగే. నాన్న పెట్టిన పేరు. ఆయన జేబులో చాక్లెట్ ఉంటే, ఆయన గేటు దాటకముందే కనిపెట్టేసేది. పదేళ్లు నిండి పదకొండు నడుస్తున్నాయి. ఏదీ ఒకంతట నమ్మదు. పాలు అయిపోయాయంటే గిన్నె వంచి చూస్తుంది. కరెంటు పోయిందంటే పక్కింట్లో లైటు వెలుగుతోందేమో చూసొస్తుంది.

అలాంటి పిల్ల తువ్వాళ్లు లెక్కపెడుతోందంటే ఊరికే కాదు.

డేగ వాళ్లమ్మది జుట్టు కత్తిరించే పని. ఆర్నెల్ల క్రితం దాకా మార్కెట్ రోడ్డులో ఉన్న పెద్ద పార్లర్లో పనిచేసేది. దాని ముందు గోడంతా అద్దమే. అందుకని ఇంట్లో దాన్ని గాజు షాపు అంటారు. అక్కడ ఏడేళ్లు చేసింది. ఒకరోజు కాళ్లు లాగేస్తుంటే పది నిమిషాలు స్టూలు మీద కూర్చుంది. ఓనరమ్మ సగం రోజు జీతం కోసింది. ఏడేళ్లు నిలబడింది ఎవరికీ కనపడలేదు. పది నిమిషాలు కూర్చున్నది మాత్రం కెమెరాకి కనపడింది. లోకం తీరే అంత.

ఆ మధ్యాహ్నమే అమ్మ ఇంటికొచ్చి కత్తెర బల్ల మీద పెట్టింది. ఇక ఆ గడప తొక్కనంది. ఒకరి కింద పనిచెయ్యనంది. వారంలో ముందుగది ఖాళీ చేసి ఒక కుర్చీ, ఒక అద్దం పెట్టింది. గోడకి అట్ట తగిలించింది: కటింగ్ మూడు వందలు.

అమ్మ షాపులో ఒక రూలుంది. ఒక మెడకి ఒక తువ్వాలు. ఒకరికి చుట్టింది ఉతక్కుండా ఇంకొకరికి చుట్టదు.

డేగ ఆలోచన అక్కడ మొదలైంది. తువ్వాలుకి ఒక తల. తలకి మూడు వందలు. దండెం చూస్తే చాలు, అమ్మ సంపాదనంతా తెలిసిపోతుంది.

దీనికి తోడు లెక్కల మేడమ్ ప్రాజెక్టు ఇచ్చింది. తెలిసినవాళ్లలో ఇద్దర్ని తీసుకోమంది. ఒకరు జీతానికి పనిచేసేవాళ్లు, ఒకరు సొంతంగా చేసుకునేవాళ్లు. ఎవరి సంపాదన ఎంతో పోల్చి రాయమంది. డేగకి వెతుక్కునే పనే లేదు. పిన్ని ఇంకా గాజు షాపులోనే చేస్తోంది. అక్కచెల్లెళ్లిద్దరూ ఒకేచోట పని నేర్చుకున్నారు. ఒకే రకం కత్తెర. ఒకరిది జీతం, ఒకరిది సొంతం.

డేగ ఏడు రోజులూ లెక్కపెట్టింది. అన్నీ కలిపితే ఎనభై నాలుగు తువ్వాళ్లు. వారానికి పాతికవేల రెండు వందలు. నెలకి నాలుగు వారాలు వేసుకుంటే...

పెన్సిలు ఆగిపోయింది. మళ్లీ చేసింది. మూడోసారి కూడా చేసింది.

లక్షా ఎనిమిది వందలు.

మూడు నెలలుగా డేగ ఈత క్లాసులో చేర్చమని అడుగుతోంది. నెలకి రెండు వేలు. అడిగినప్పుడల్లా అమ్మది ఒకటే మాట, వచ్చే నెల చూద్దామని. పక్క బెంచీ పిల్ల మాత్రం సోమవారం సోమవారం తడి జుట్టుతో వచ్చి, నీళ్లలో కళ్లు తెరిచి చూడటం వచ్చిందని చెబుతుంది.

లక్ష వచ్చే ఇంట్లో రెండు వేలు లేవా? అయితే ఆ డబ్బంతా ఎటు పోతోంది?

అనుమానం పేను లాంటిది. ఒకటి దూరితే చాలు, తెల్లారేసరికి నాలుగవుతాయి.

రెండోది కూడా దూరింది. అల్మరాలో షాంపూ డబ్బాల వెనక నీలంరంగు బిస్కెట్ల డబ్బా ఉంది. అందులో ఏముందని అడిగితే, పిన్నీసులు అంది అమ్మ. డేగ ఎవరూ లేనప్పుడు డబ్బా ఊపి చూసింది. పిన్నీసులైతే గలగలమనాలి. చప్పుడే లేదు. మూత తీసింది. నోట్లు. జుట్టుకి వేసే రబ్బరు బ్యాండు చుట్టి ఉన్నాయి.

మూడోది బుధవారం. ప్రతి బుధవారం మూడింటికి అమ్మ తలుపుకి సెలవు అట్ట తగిలించి సంచీతో బయటికి పోతుంది. చీకటి పడేవేళకి వస్తుంది. ఎక్కడికంటే సామానుకంటుంది. సంచీ మాత్రం ఎంత పల్చగా పోతుందో అంత పల్చగానే వస్తుంది.

అమ్మ అబద్ధమాడుతోంది. అందులో డేగకి అనుమానం లేదు.

ఆ సాయంత్రమే పిన్ని వచ్చింది. ముందుగదిలో అమ్మ ఆఖరి గిరాకీ చూస్తోంది. పిన్ని తిన్నగా వంటింట్లోకొచ్చి, బకెట్లో గోరువెచ్చని నీళ్లు పోసుకుని కాళ్లు పెట్టి కూర్చుంది. పిన్నికి ఐదో నెల. సాయంత్రమయ్యేసరికి పాదాలు చెప్పుల్లో పట్టట్లేదు.

"నీ జీతం ఎంత పిన్నీ? ప్రాజెక్టుకి కావాలి."

"చేతికొచ్చేది ఇరవై రెండు వేలు. మీ మేడమ్‌కి చెప్పు, సగం తనే తీసుకుని, నా బదులు వచ్చి తొమ్మిది గంటలు నిలబడమని."

డేగ ఆ అంకె వేసుకుని నోటుబుక్కు పిన్ని ముందు పెట్టింది. పిన్ని నవ్వుతూనే చూసింది. కాసేపటికి ఆ నవ్వు పోయింది.

"ఇది అక్కదా?"

"మూడుసార్లు చేశాను."

పిన్ని కాళ్ల దగ్గర నీళ్లు కదలడం మానేశాయి. పోయిన నెలే పిన్ని అడిగింది, నేనూ వచ్చేసి నీ పక్కన ఇంకో కుర్చీ వేసుకోనా అని. అమ్మ వద్దంది. గిరాకీ అంతంతమాత్రమేనంది.

"అంతంతమాత్రమంది నాతో," అంది పిన్ని మెల్లగా.

డేగ అక్కడితో ఆగాల్సింది. కానీ వినేవాళ్లు కళ్లు పెద్దవి చేస్తుంటే చెప్పేవాళ్ల నోరు ఆగుతుందా? డబ్బా సంగతి చెప్పింది. పిన్నీసుల సంగతి చెప్పింది. బుధవారం సంచీ సంగతీ చెప్పింది. చెబుతుంటే తనేదో పెద్ద కేసు పట్టుకున్నట్టనిపించింది.

పిన్ని తడి కాళ్లు తుడుచుకుంది. గాజు షాపుకి ఓనరమ్మ వారానికొకసారే వస్తుందట, బుధవారం ఐదింటికి. ఉద్యోగం మానేస్తున్నట్టు అప్పుడు కాగితం ఇచ్చేస్తానంది. వాళ్ల వీధిలోనే ఒక కుర్చీ వేసుకుంటానంది.

"మీ అమ్మతో అనకు. అంటే మళ్లీ అంతంతమాత్రం పాట మొదలెడుతుంది."

ముందుగదిలోంచి వెళ్తూ పిన్ని అక్కవైపు చూడను కూడా లేదు. దాని మొహం అలా ఉందేమిటే అని అమ్మ అడిగింది. తెలీదంది డేగ. ఇంట్లో ఆ రోజుకి అది ఇంకో అబద్ధం. కాకపోతే దాన్ని ఎవరూ లెక్కపెట్టలేదు.

బుధవారం బడి ఒంటిపూటే. లెక్కల మేడమ్ ప్రాజెక్టులు తిరిగిచ్చింది. లక్ష చూసి మేడమ్ క్లాసంతటికీ చదివి వినిపిస్తుందనుకుంది డేగ. మార్కే వెయ్యలేదు. అడుగున ఎర్ర ఇంకుతో ఒక ముక్క రాసింది.

తువ్వాళ్లు ఎవరు ఉతికారు? సబ్బు ఎవరు కొన్నారు?

ఇదేం ప్రశ్న? లెక్కలో తప్పుంటే చెప్పాలి గానీ సబ్బు గొడవ ఎందుకు? డేగ ఉడుక్కుంటూ ఇంటికొచ్చింది. మూడు దాకా సందు చివర నిలబడింది. అమ్మ సెలవు అట్ట తగిలించి, అటూ ఇటూ చూసి బయలుదేరింది. డేగ పిల్లి అడుగులేసుకుంటూ వెనకాలే నడిచింది.

చెప్పులు కుట్టే ఆయన్ని దాటారు. పోస్టాఫీసు దాటారు. రోడ్డు మీది వంతెన ఎక్కి దిగారు. సామాన్ల కొట్లన్నీ కుడివైపున ఉన్నాయి. అమ్మ ఎడమకి తిరిగింది. మందుల షాపుకీ జిరాక్స్ షాపుకీ మధ్య ఇరుక్కున్న చిన్న పార్లర్లోకి పోయింది.

తలుపు అద్దం మీద నవ్వుతున్న ఆడమనిషి బొమ్మ అంటించి ఉంది. ఆ బొమ్మ గడ్డం కింద చెయ్యంత ఖాళీ. డేగ అక్కడ కన్ను పెట్టింది.

అమ్మ ఆకుపచ్చ ఏప్రాన్ కట్టుకుంది. తొట్టి దగ్గర వంగి ఎవరి తలో రుద్దుతోంది. అది అయ్యాక ఇంకో తల. కౌంటర్ దగ్గర ఇరవై ఏళ్ల పిల్ల ఫోన్ చూసుకుంటూ గడ్డంతో నేల చూపించింది. అమ్మ చీపురు తీసుకుని కిందపడ్డ జుట్టు ఊడ్చింది. చేట లేకపోతే అట్టముక్కతో ఎత్తింది.

హోంవర్కు చెయ్యనివాళ్లని మేడమ్ నిలబెట్టినప్పుడు వాళ్ల మొహం ఎలా ఉంటుందో, అమ్మ మొహం అలా ఉంది.

పార్లర్లో దాక్కోవడం కుదిరే పని కాదు. ఏ గోడ చూసినా అద్దమే. చీపురు మూలకి పెట్టి తలెత్తిన అమ్మకి ఎదురుగా అద్దంలో, బొమ్మ గడ్డం కింద, కూతురి కన్ను కనపడింది.

అమ్మ బయటికొచ్చింది.

"బడి లేదా?"

"ఒంటిపూట."

"ఎప్పట్నుంచి నిలబడ్డావు?"

"మొదటి తల దగ్గర్నుంచి."

అమ్మ తిట్టలేదు. మెట్టు మీద కూర్చుని, పక్కన కూర్చోమన్నట్టు చేత్తో తట్టింది. అమ్మే చెప్పింది. బుధవారం మధ్యాహ్నం తమ ముందుగదిలోకి ఈగ కూడా రాదట. ఇక్కడ గంటకింత అని ఇస్తారట. ఆర్నెల్ల కిందట అందరి ముందూ అంత మాట అనేసి, మళ్లీ ఒకరి దగ్గర చీపురు పట్టానని చెప్పుకోడానికి నోరు రాలేదట. ముఖ్యంగా చెల్లెలితో.

"ఈగ కూడా రాకపోతే, పోయిన బుధవారం దండెం మీద ఐదు తువ్వాళ్లు ఎక్కడివి? నేను లెక్కపెట్టాను."

అమ్మ నవ్వింది. అది వినడానికి బాగాలేదు.

"అవి ఉత్తివే తల్లీ."

"ఉత్తివి అంటే?"

"ఉతికినవే. మళ్లీ తడిపి ఆరేస్తాను. దండెం ఖాళీగా ఉంటే వీధంతా చూస్తుంది. ఎవరూ వెళ్లని షాపుకి ఎవరూ వెళ్లరు."

"ఎన్ని ఉత్తివి?"

"సగం దాకా ఉంటాయి. జుట్టుకి రంగు వేస్తే ఒక్క తలకే మూడు పడతాయి, అవొకటి."

ఎనభై నాలుగు ఒక్కసారిగా దండెం మీంచి జారి బురదలో పడ్డట్టయింది. వీధి మోసపోయిందో లేదో ఆ దేవుడికే తెలియాలి. ఇంట్లో కూర్చున్న డేగ మాత్రం బాగా మోసపోయింది.

"మరి డబ్బా? అందులో పిన్నీసుల్లేవు. గలగలమనలేదు."

"అది కూడా చూశావూ? గాజు షాపులో జ్వరమొస్తే సెలవు పెట్టేదాన్ని. పడుకున్నా జీతమొచ్చేది. ఇప్పుడు నాకు జ్వరమొస్తే జీతం ఎవరిస్తారు? నాకు నేనే ఇచ్చుకోవాలి. అందుకే ఆ డబ్బా."

"పిన్నీసులని ఎందుకు చెప్పావు?"

అమ్మ ఏప్రాన్ అంచు వేలికి చుట్టుకుంది.

"డబ్బులని చెబితే ఈతకి తియ్యమంటావు. నువ్వు అడిగితే నేను తీసేస్తాను. నన్ను నేను నమ్మలేక చెప్పాను."

డేగ నోటుబుక్కు తెరిచింది. రంగులూ షాంపూలూ కరెంటూ అన్నీ పోగా ఎంత మిగులుతుందని అడిగింది. ఒక్కో నెల పిన్ని జీతమంత, ఒక్కో నెల అందులో సగం అంది అమ్మ. పోయిన నెల పిన్ని కంటే ఒక వెయ్యి ఎక్కువే మిగిలిందట.

"అలాంటప్పుడు మళ్లీ గాజు షాపులోనే చేరొచ్చుగా?"

"మన ఇంట్లో కాళ్లు నొప్పెడితే కూర్చుంటాను. కూర్చున్నావేమని అడిగేవాళ్లు లేరు. దానికెంత వెయ్యాలో మీ మేడమ్‌ని అడుగు."

అప్పుడు గుర్తొచ్చింది డేగకి. కాళ్లు. బకెట్లో పిన్ని కాళ్లు.

"అమ్మా, పిన్నికి నా లెక్క చూపించాను."

"ఏం లెక్క?"

"నీకు నెలకి లక్ష వస్తోందని. డబ్బా గురించి కూడా చెప్పాను. పిన్ని ఇవాళ ఐదింటికి ఓనరమ్మకి కాగితం ఇచ్చేస్తుంది. మానేస్తుందట."

అమ్మ లేచి నిలబడింది.

ఇంకో మూడు నెలలు ఓపిక పడితే పిన్నికి కాన్పు సెలవు వస్తుంది. ఇంట్లో బిడ్డని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా జీతం పడుతుంది. ఆసుపత్రి ఖర్చంతా షాపు ఇచ్చిన కార్డు మీద పోతుంది. ఇవాళ కాగితం ఇస్తే రెండూ పోతాయి. ఇదేమీ పిన్నికి తెలియనిది కాదు. కానీ నెలకి లక్ష వస్తుందనుకునే మనిషికి సెలవులూ కార్డులూ కంటికి ఆనవు. దూరపు కొండ అంత నున్నగా కనపడుతుంది మరి. ఆ కొండని బొమ్మ గీసి చూపించింది డేగే.

ఫోన్ చేసి లాభం లేదు. గాజు షాపులో పనివాళ్ల ఫోన్లన్నీ సాయంత్రం దాకా పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. టైము నాలుగున్నర. అమ్మ లోపలికి తొంగిచూసి, అర్జంటుగా వెళ్లాలంది. కౌంటర్ పిల్ల ఫోన్లోంచి తలెత్తకుండానే, వెళ్తే ఇవాళ్టి గంటలన్నీ కట్ అంది. అమ్మ సరేనంది.

ఇద్దరూ పరుగులాంటి నడక నడిచారు. వంతెన ఎక్కారు, దిగారు. మార్కెట్ రోడ్డులో జనాన్ని తోసుకుంటూ వెళ్లారు. గాజు షాపు ఎదురుగా, ఇవతలి పేవ్‌మెంట్ మీద అమ్మ కాళ్లు ఆగిపోయాయి.

అద్దం గోడ వెనక ఎనిమిది కుర్చీలు, ఎనిమిది దీపాలు. ఏడేళ్లు నిలబడిన చోటు. అమ్మ ఒక అడుగు వేసి వెనక్కి తీసుకుంది.

"నువ్వు రావద్దు," అంది డేగ. "తప్పు లెక్క నాది."

నోటుబుక్కు గుండెకి ఆనించుకుని రోడ్డు దాటింది.

లోపల చల్లగా ఉంది. పిన్ని గోడ పక్కన నిలబడి ఒకావిడ జుట్టు ఆరబెడుతోంది. ఏప్రాన్ జేబులోంచి కవరు మూల బయటికి కనపడుతోంది. ఓనరమ్మ అప్పుడే వచ్చి తన గదిలో కుర్చీ సర్దుకుంటోంది.

"పిన్నీ, నా లెక్క తప్పు. కాగితం ఇవ్వకు."

పిన్ని జుట్టు ఆరబెట్టే మిషన్ ఆపింది. డేగని కింది నుంచి పైదాకా చూసింది. అలా చూడటం డేగకి తెలుసు. ఎదుటివాళ్లని తను చూసేది అలాగే.

"మీ అమ్మ పంపిందా?"

"లేదు. నేనే వచ్చాను."

"నేను కుర్చీ వేసుకుంటే తన గిరాకీ తగ్గుతుందని చెప్పిందా?"

"ఆ తువ్వాళ్లు ఉత్తివి పిన్నీ. సగం ఉతికినవే మళ్లీ తడిపి ఆరేస్తోంది. నేను అవి కూడా లెక్కపెట్టేశాను."

పిన్ని పెదవి విరిచింది.

"కథ బాగుంది. ఉతికినవి మళ్లీ ఉతుక్కునే పిచ్చిది ఎవరే ఊళ్లో?"

నిజం చెబుతున్నా నమ్మకపోతే ఎలా ఉంటుందో డేగకి అంతకుముందు తెలియదు. నమ్మకపోవడమంతా ఇంతకాలం తన వంతే. ఇంకేం చెప్పాలో తోచక అద్దం గోడ వైపు చెయ్యి చూపించింది.

పిన్ని చూసింది.

రోడ్డుకి అవతల అక్క నిలబడి ఉంది. ఒంటిమీద ఆకుపచ్చ ఏప్రాన్. తొందరలో విప్పడం మరిచిపోయింది. మార్కెట్లో కత్తెర పట్టిన ప్రతివాళ్లకీ ఆ ఆకుపచ్చ ఏ షాపుదో తెలుసు. గంటల లెక్కన మనుషుల్ని ఎవరు పెట్టుకుంటారో కూడా తెలుసు.

చెల్లెలు చూస్తోందని అమ్మకి తెలిసింది. చెయ్యి గబుక్కున వీపు వెనక ముడి దగ్గరికి పోయింది. ముడి మీదే ఆగింది. తర్వాత మెల్లగా కిందికి దిగింది. అమ్మ ముడి విప్పలేదు. అలాగే నిలబడింది, చూడనిచ్చింది.

"ఎన్నాళ్లనుంచి?" అంది పిన్ని. గొంతు మారిపోయింది.

"నాకూ ఇవాళే తెలిసింది."

గదిలోంచి ఓనరమ్మ కేకేసింది. ఏదో ఇస్తానన్నావట, తొందరగా తెమ్మంది. పిన్ని కవరుని జేబులోకి పూర్తిగా నొక్కేసింది.

"కాన్పు సెలవు కాగితమండీ. తేదీ సరిచూసుకుని వచ్చే వారం ఇస్తాను."

అని, పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. ఓనరమ్మ స్టూలు వైపు చూసింది, మూలనున్న కెమెరా వైపు చూసింది, నోరు తెరవబోయింది. నోటుబుక్కు పట్టుకున్న పిల్లొకతి రెప్ప వెయ్యకుండా తననే చూస్తోంది. ఎందుకో ఓనరమ్మే ముందు తల తిప్పుకుంది.

ఆ సాయంత్రం వంటింట్లో ఒకే బకెట్లో నాలుగు కాళ్లున్నాయి. అక్కచెల్లెళ్లు ముందు పోట్లాడుకున్నారు. నాతో ఎందుకు చెప్పలేదని ఒకరు, నన్నెందుకు అడగలేదని ఒకరు. మధ్యలో ఎవరో ఉత్తి తువ్వాళ్ల మాటెత్తారు. ఇద్దరూ నవ్వుకుని నవ్వుకుని బకెట్లో నీళ్లు ఒలకబోశారు. పిన్ని కుర్చీ సంగతి బిడ్డ పుట్టాక, అసలు లెక్క చూసుకుని తేల్చుకోవాలనుకున్నారు.

డేగ ప్రాజెక్టు మళ్లీ రాసింది. ఈసారి రెండు పేజీలు పట్టింది. వచ్చేది ఒకవైపు, పోయేది ఒకవైపు వేసింది. పిన్ని వైపు సెలవులు రాసింది, ఆసుపత్రి కార్డు రాసింది, కూర్చుంటే కోసే జీతం రాసింది. అమ్మ వైపు రంగులు, సబ్బు, జ్వరాలకి దాచేది రాసింది. బుధవారాల గురించి రాయలేదు. అది అమ్మ చెప్పుకోవాల్సింది. అమ్మ ఎప్పుడైనా కూర్చోవచ్చు అని కూడా రాసి, దాని పక్కన అంకె వెయ్యకుండా వదిలేసింది. ఎవరి సంపాదన ఎక్కువ అన్నచోట, ఒక్క వారం చూసి చెప్పలేం, ఏడాది చూడాలి అని రాసింది.

ఎర్ర ఇంకు ప్రశ్నకి కూడా జవాబు రాసింది. ఇప్పటిదాకా అమ్మ. ఈ ఆదివారం నేను.

ఆదివారం సాయంత్రం డేగ గౌను అంచు దోపుకుని తొట్టి ముందు కూర్చుంది. తువ్వాళ్లని నీళ్లలో వేసేముందు ఒక్కోటీ దులపాలని తెలియదు ఆ పిల్లకి. దులపకపోతే కత్తిరించిన జుట్టు దారాల్లో గుచ్చుకుని ఉండిపోతుంది. మొదటి మూడూ మళ్లీ ఉతకాల్సొచ్చింది. పిండేసరికి చేతులు లాగేశాయి. వేళ్లు ముడతలు పడ్డాయి, ఈతకొలనులో గంట సేపు ఉన్నట్టు.

అమ్మ గుమ్మంలోకొచ్చింది. సగం దండెం ఖాళీగా ఉండటం చూసింది.

"ఓ నాలుగు ఉత్తివి తడపనా?"

"వద్దమ్మా. ఇవి పిండేసరికే నా పనైపోయింది."

అమ్మ ఆలోచించింది. సందులోకి ఒకసారి చూసింది. తర్వాత సరేనని లోపలికి పోయి, నిజంగానే కూర్చుంది.

సందు అవతలి పిట్టగోడ మీంచి పక్కింటావిడ తల పైకొచ్చింది. ఆవిడకి ఎవరింట్లో ఏం ఉడుకుతోందో తెలియకపోతే ముద్ద దిగదు.

"ఏమే పిల్లా, ఇవాళ తువ్వాళ్లు తగ్గాయే? అయినా మీ అమ్మ బాగానే వెనకేస్తున్నట్టుంది. నెలకి ఎంతొస్తుందేమిటి?"

ఆవిడ కళ్లు గుండ్రంగా అయ్యాయి, వినడానికి.

డేగ ఆఖరి తువ్వాలు గట్టిగా దులిపింది. నీటి తుంపర్లు ఆవిడ మొహం దాకా ఎగిరాయి.

"మీరొచ్చి కటింగ్ చేయించుకోండి ఆంటీ. ఇంకో తువ్వాలు పెరుగుతుంది," అంటూ దాన్ని దండెం మీద వేసి క్లిప్పు పెట్టింది.